ఇంటి దుమ్ము, ఉబ్బసం - ఓర్పుతో చేయించుకోవలసిన చికిత్స

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటకైనా పద్యానికైనా ఊపిరే మూలం. అందుకే ఈ ఉత్సవవేళ ఊపిరిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మలేషియాలోని మన ఇళ్లలో తెల్లవారుజామున తుమ్ములు, ముక్కుదిబ్బడ, పిల్లికూతలు కొత్త కాదు. "మా వంశంలోనే ఉందండీ, తాతగారికీ ఉండేది" అని సరిపెట్టుకుంటాం. వంశం నుంచి వచ్చేది ఎలర్జీ గుణం మాత్రమే. దాన్ని రేపేది చాలాసార్లు మన పడకలోనే ఉంటుంది.

అదే డస్ట్ మైట్ అనే దుమ్ముపురుగు. పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టు దీని ఆహారం. గాలిలోని తేమను పీల్చి బ్రతుకుతుంది. ఏడాది పొడుగునా ఉక్కపోసే ఈ దేశం దానికి పుట్టింటి వంటిది. దాని రెట్టలోని మాంసకృత్తులు కొందరికి పడవు. ఈ పురుగే అసలు దోషి అని 1960లలో హాలెండులోని లైడెన్ పరిశోధకులు తేల్చారు.

తుమ్ముల మాత్రలు, పీల్చే మందులు బాధను అణచుతాయి గాని ఎలర్జీ గుణాన్ని మార్చవు. ఇమ్యునోథెరపీ అలా కాదు. పడని పదార్థాన్నే అతి స్వల్పంగా మొదలుపెట్టి, క్రమంగా పెంచి, శరీరానికి అలవాటు చేస్తుంది. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ పుప్పొడి ఎలర్జీకి ఈ మార్గం చూపాడు.

ముందు చర్మపరీక్ష గాని రక్తపరీక్ష గాని చేయించాలి. ఉష్ణదేశాల్లో బ్లోమియా అనే మరో జాతి కూడా ఉంది కనుక ఏది పడదో తేలాలి. సూదిమందు సాధారణంగా మొదట వారానికోసారి, తరువాత నెలకోసారి ఇస్తారు. నాలుక కింద పెట్టుకొనే మాత్రలు రోజూ వాడాలి. ఏదైనా కనీసం మూడేళ్లు. కొన్ని నెలలకు తుమ్ములు తగ్గగానే చాలామంది మానేస్తారు. అప్పుడు పెట్టిన ఖర్చూ, పడ్డ శ్రమా వృథా అవుతాయి. కనుక మూడేళ్ల ఖర్చు ముందే లెక్కవేసుకొని, ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకొని మొదలుపెట్టండి.

జాగ్రత్తలు మరువకండి. సూది వేయించుకున్నాక అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి. అరుదుగా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. మొదటి మాత్ర కూడా డాక్టరు ఎదుటే వేసుకోవాలి. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవారికి ఇది తగదు. గర్భిణులకు కొత్తగా మొదలుపెట్టరు. పీల్చే మందును సొంతంగా మానరాదు.

దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. తాతల నాటి బూరుగుదూది పరుపుపై మమకారం ఉంటే ఉండనివ్వండి గాని, ఆయాసపడే బిడ్డను దానిపై పడుకోబెట్టకండి.