కాలేజీలో బంతి ఆడినవారు ఏమైనారు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద ఎవరో ఒకరు విద్య గురించి చెప్పడం, మీరు ఓపికగా వినడం, తరువాత భోజనాలకు లేవడం జరుగుతూనే వున్నది. ఈసారి మేము ఆట గురించి చెబుతాం. విద్య దానంతట అదే మధ్యలోకి వస్తుంది.

దీనికి కారణం వున్నది. మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరంలో వున్న ఒక కుర్రవాడు కాలేజీ జట్టులో హాఫ్ బ్యాక్ ఆడుతున్నాడు. తండ్రికి పంక్చర్ల దుకాణం. మామగారు గల్ఫ్ నుంచి వీసా పంపుతానంటున్నారు. తండ్రి మా దగ్గరకు వచ్చి, "మాస్టర్ సాబ్, మీరు చెబితే వింటాడు, ఆ బంతి మానిపించండి" అన్నారు. మేము వాళ్ళింటికి వెళ్ళాము. చాయ్ ఇచ్చారు. కుర్రవాడు తల వంచుకుని గోడకానుకుని నిలబడ్డాడు. తండ్రి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆట అన్నం పెడుతుందా సార్?"

ఆ ప్రశ్న తప్పని మేమనము. రోజూ చేతులకు గ్రీజు పూసుకుని ఇల్లు నడిపే మనిషి అడిగిన ప్రశ్న అది. జవాబు కోసం, మనకు ముందు కాలేజీల్లో, బస్తీల్లో బంతి ఆడినవారు చివరకు ఏమైనారో, వాళ్ళ ఉద్యోగాలేమిటో, ఇళ్ళేమైనాయో ఒకసారి చూద్దాం.

మొదట మా వృత్తివాడినే చెప్పుకుంటాం, పక్షపాతమనుకున్నా సరే. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడి జట్టులో ఆడినారు. 1918లో స్థాపించిన నాటి నుంచి ఆ యూనివర్సిటీలో బోధన ఉర్దూలోనే సాగేది. ఉర్దూ మీడియంలో చదివితే ఏమొస్తుందని మమ్మల్ని అడిగేవారు ఇది కాస్త గుర్తు పెట్టుకోవాలి. చదువయ్యాక ఆయన ఉపాధ్యాయుడైనారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఇన్ని చోట్ల పాఠాలు చెప్పినారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయి, పోయేదాకా ఆ పనిలోనే వున్నారు.

రహీం సాబ్ పోటీలు పెట్టే పద్ధతి చిత్రంగా వుండేది. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి. ఇంకొక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే తన్నాలి. పిల్లవాడికి రానిదాన్ని రాదని తిట్టకుండా, రానిదాన్నే ఆటగా మార్చి నేర్పడమంటే ఇదే. మా టీచర్ల శిక్షణ తరగతుల్లో ఇంత మంచి సంగతి మాకెవరూ చెప్పలేదు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది. ఆ ఆటగాళ్ళు ఎవరు? పోలీసు ఉద్యోగులు. బందోబస్తు డ్యూటీ, కవాతు, ఆట. నెల తిరగ్గానే జీతం. ఆట అన్నం పెడుతుందా అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో హైదరాబాదు ఇచ్చిన జవాబు అది. బంతి బాగా తన్నితే నౌకరీ దొరుకుతుంది, నౌకరీ వుంటే ఇల్లు నిలబడుతుంది, ఇల్లు నిలబడితే తమ్ముడు కూడా మైదానానికి వస్తాడు.

ఇక దేశం సంగతి. రహీం సాబ్ శిక్షణలో మన జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా ఖండం నుంచి అంత దూరం వెళ్ళిన మొదటి జట్టు అది. చివరకు నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, ఇంకా కొందరు మన హైదరాబాదు, సికింద్రాబాదుల మైదానాల నుంచి పోయినవారే. పేర్లు చూడండి. ఎవరిది ఏ ఇల్లని అడగకుండా ఒకే బంతి వెంట పరుగెత్తినవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం. ఆయనా మంచి ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఎంపికైనాడు. కోచ్ ఎవరు? కన్న తండ్రి. మన జట్టు అక్కడ హంగరీతో, ఫ్రాన్స్‌తో, పెరూతో 3 ఆటలు ఆడింది. మూడింటిలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. తండ్రి దించలేదు. మనలో ఎవరమైనా ఆ స్థానంలో వుంటే ఏం చేసేవాళ్ళం? కనీసం చివరి ఆటలో, ఎలాగూ ముందుకు పోయే అవకాశం లేనప్పుడు, కొడుకును మైదానంలో నిలబెట్టి వుండేవాళ్ళం. ఒప్పుకోండి. మా స్కూలు వార్షికోత్సవంలో బహుమతుల పట్టిక తయారు చేసేటప్పుడు ఎంత మంది నాన్నలు మా టేబిలు చుట్టూ తిరుగుతారో మాకు తెలుసు!

హకీం గారు దానితో కుంగిపోలేదు. భారత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయినారు. సర్వీసెస్ జట్టుకు ఆడినారు. ఆట మానిన తరువాత ఫిఫా రిఫరీ అయినారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటి జట్టుకు సహాయ శిక్షకుడుగా పని చేసినారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. 2021 ఆగస్టులో, 82 ఏళ్ళ వయసులో కన్ను మూసినారు. చేతిలో ఉద్యోగం వున్నది కనుక ఆట ఆయనకు జీవితాంతం దగ్గరగానే వున్నది. బంతి తన్నే వయసు దాటినా విజిల్ పట్టుకుని అదే మైదానంలో నిలబడ్డాడు.

తండ్రి సంగతి ఇంకా మిగిలి వున్నది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోయేనాటికే రహీం సాబ్ క్యాన్సర్ మనిషి. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన జట్టు 2-1తో గెలిచింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను వెనుక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెడితే అతడే ఒక గోల్ కొట్టినాడు. రెండోది పి.కె. బెనర్జీది. మరుసటి సంవత్సరం జూన్ 11న రహీం సాబ్ పోయినారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం మళ్ళీ రాలేదు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చింది. మా పిల్లలు చూసి వచ్చి, "సార్, ఆయన కూడా టీచరేనా?" అని ఆశ్చర్యపోయినారు. టీచర్లంటే వాళ్ళకున్న అభిప్రాయం మాకప్పుడు అర్థమైంది.

అందరి కథా ఇలా నడవలేదు. అది కూడా చెప్పకపోతే ఆ తండ్రికి మేము న్యాయం చేసినట్లు కాదు.

బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద ఇంట పుట్టినాడు. అక్కడి నుంచి హైదరాబాదుకు అభ్యాసానికి రావడానికి చేతిలో పైసలు లేకపోతే, సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చేవారని చెబుతారు. అటువంటి కుర్రవాడు రెండు ఒలింపిక్స్ ఆడినాడు, జకార్తా బంగారం తెచ్చినాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, తరువాత రైల్వే జట్టుకు మారినాడు. 1963లో, దాదాపు 27 ఏళ్ళ వయసులోనే, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో ఒంటరిగా వుండి, 2023 ఫిబ్రవరిలో పోయినాడు. రైల్వే ఉద్యోగం లేకపోతే ఆ మనిషి ఎలా బ్రతికేవాడో ఒకసారి ఆలోచించండి.

ఇంకొక ఇల్లు చూద్దాం. మహమ్మద్ హబీబ్ హైదరాబాదువాడే. అన్నదమ్ములు అందరూ బంతి ఆడినవాళ్ళే: ఆజం, మొయిన్, ఫరీద్, హబీబ్, అక్బర్, జాఫర్. హబీబ్ 1966లో కలకత్తా చేరినాడు. తమ్ముడు అక్బర్ కూడా వెనకే పోయినాడు. అన్నను బడే మియా అనీ, తమ్ముణ్ణి ఛోటే మియా అనీ ఆ ఊరు ముద్దుగా పిలుచుకున్నది. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టినాడు. 1977లో పీలే గారి కాస్మాస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలబడితే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. ఉద్యోగాలు వస్తామన్నా కాదని, కేవలం ఆట మీదే బ్రతికిన మొదటి తరం ఆటగాడని ఆయనను చెబుతారు. చివరి సంవత్సరాలు జబ్బుతో గడిచినాయి. 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే పోయినారు. అన్నదమ్ముల ఇల్లంటే ఇది: ఒకడు ముందు పోయి దారి చూపితే రెండోవాడికి పరదేశంలో ఒక గది, ఒక పళ్ళెం అన్నం సిద్ధంగా వుంటాయి. మన ఇళ్ళల్లో గల్ఫ్‌కు పోయేది కూడా ఇదే పద్ధతిలో కదా.

మన ప్రాంతం దాటి ఒక్క మాట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవో, నాగా కొండలవాడు. చాలామంది బూట్లు లేకుండా ఆడిన ఆ జట్టు ఫ్రాన్స్‌తో 2-1తో ఓడినా మెప్పు పొందింది. కలకత్తాలో మెడికల్ కాలేజీలో చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడేవాడు. డాక్టరు కావాలన్నది తండ్రి కోరిక. తండ్రి ముందే పోయినా ఆ మాట నిలబెట్టి, పట్టా తీసుకుని, సొంత కొండలకు తిరిగి పోయి, నాగాలాండ్ ఆరోగ్య శాఖకు డైరెక్టరు అయినాడు. ఇక 1956 నాటి నాయకుడు సమర్ బెనర్జీ కూడా అదే మెడికల్ కాలేజీలో చేరినవాడే. ఆయన ఆట కోసం వైద్య విద్య మధ్యలో వదిలినాడు. ఇద్దరూ దేశానికి నాయకులే. అయినా మా విద్యార్థికి ఎవరి దారి చూపిస్తారని అడిగితే, మేము ఆవో గారి వైపే వేలు చూపిస్తాం. మాస్టర్లం కదా, ఇంకెలా చెబుతాం.

ఇప్పుడు పంక్చర్ దుకాణం తండ్రికి మేము చెప్పిన జవాబు. వెనకటి లాగా పోలీసు జట్టు పిలిచి నౌకరీ ఇచ్చే రోజులు పోయినాయి. రోవర్స్ కప్పే నిలిచిపోయింది. కాని దారి పూర్తిగా మూసుకుపోలేదు. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా కింద అర్హత వున్నది. వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్. చేస్తే బడిలో ఉద్యోగానికి దారి వున్నది. రహీం సాబ్ నడిచిన దారి అదే కదా. అయితే బి.పి.ఎడ్.కు డిగ్రీ చేతికి రావాలి, స్పోర్ట్స్ కోటాకు సర్టిఫికెట్ మీద సరైన సంతకం, ముద్ర వుండాలి. మన పిల్లలు కప్పు పట్టుకుని ఫోటో దిగుతారు, కాగితం మాత్రం తెచ్చుకోరు. ఆరు నెలల తరువాత కాలేజీ ఆఫీసుకు పోతే, ఆ గుమాస్తా బదిలీ అయినాడంటారు. అమ్మలకు మా మనవి: కప్పు అల్మారాలో పెట్టండి, కాగితం రేషన్ కార్డు దగ్గర పెట్టండి.

సంఘానికి కూడా ఒక మాట. మనమిచ్చే స్కాలర్‌షిప్‌కు హాజరు శాతం చూస్తున్నాము. మంచి నియమమే. కాని కాలేజీ తరఫున టోర్నమెంటుకు పోయిన రోజుల్ని కూడా గైరుహాజరుగా లెక్కబెట్టి కిందటి ఏడాది ఇద్దరికి ఆపినాము. అందులో ఒకడు ఈ హాఫ్ బ్యాక్. ఫీజు కట్టలేకే కదా వీసా మాట ఆ ఇంట్లో మొదలైంది. కమిటీ పెద్దలు కోపగించకుండా ఈ నియమాన్ని ఈ నెల సమావేశంలో మార్చాలి. ప్రిన్సిపాలు ఇచ్చిన టోర్నమెంటు ధృవపత్రం వుంటే ఆ రోజులు హాజరుగా తీసుకోవాలి. ఒక జత బూట్ల ఖర్చు, మనం ఈ రోజు పూలదండలకు పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువ కాదు. మేము కోశాధికారి గారిని అడిగి తెలుసుకునే చెబుతున్నాము.

వెనుక వరుసలో ఒక ఆపా చీటీ పంపినారు: "అమ్మాయిల సంగతేమిటి?" అని. న్యాయమైన ప్రశ్న. నిజామాబాద్ జిల్లా నుంచి పోయిన గుగులోత్ సౌమ్య అనే అమ్మాయి భారత జట్టుకు ఆడింది. మా బడిలో ఆడపిల్లలకు సాయంత్రం ఒక గంట మైదానం విడిగా ఇవ్వాలని హెడ్‌మాస్టరు గారికి మేము రాసి ఇచ్చాము. ఇంట్లో నుంచి పంపే బాధ్యత మీది.

ఆ కుర్రవాడి మామగారు వీసా విషయం ఈ నెలాఖరుకు తేల్చమన్నారట. మూడో సంవత్సరం ఫీజు గడువు కూడా దాదాపు అప్పుడే. తండ్రి ఈ సభలోనే వున్నారు, పేరు చెప్పము. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగమని మేము అడిగినాము. "చూద్దాం సార్" అన్నారు, అంతే. ఫీజు విషయంలో చేయి వేయదలచినవారు భోజనాల తరువాత కోశాధికారి గారి దగ్గర పేరు రాయించండి. మేము మా పేరు ముందే రాయించాము. వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు బడి మైదానంలో పాత విద్యార్థులకూ కాలేజీ పిల్లలకూ ఆట వున్నది. నలభై దాటినవారు కూడా రావచ్చు, కాని మోకాళ్ళ బాధ్యత మాది కాదు.

ఖుదా హాఫిజ్.