చదవడం నేర్పే పంతులు కావాలి

(అనకాపల్లి పేట సభలో చేసిన ప్రసంగం)

 

మనది బెల్లం ఊరు. చెరకు నరికేది మనం. దిమ్మెలు మోసేది మనం. కాటా దగ్గర రాసిచ్చిన చీటీ చదివేది మాత్రం ఇంకొకడు. మన తాతలకు బడి లేదు, సరే. మరి బడికెళ్తున్న మన గుంటడి చేతిలో ఆ చీటీ పెట్టండి. అయిదో తరగతోడు కూడా రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోతున్నాడు.

ఇది మన పేట సంగతి ఒక్కటే కాదు. మన రాష్ట్రం పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 22.6 మంది. కరోనా తర్వాత 2022లో 10.3 మంది. 'అసర్' సర్వే చెప్పిన లెక్క ఇది. "ఈళ్లకి చదువు అబ్బదు" అని మనల్ని అన్నారు. నూటికి తొంబై మంది మనవాళ్లే కాదు గదా! లోపం పుట్టుకలో లేదు, నేర్పడంలో ఉంది.

చదవడం నేర్పడం ఒక పనితనం. ఒక పిల్ల గుణింతం పాటలా అప్పజెబుతుంది, 'కి' ఒక్కటీ చూపిస్తే గుర్తుపట్టదు. ఇంకొకడు వత్తు దగ్గర ఆగుతాడు. మరొకడు గడగడా చదువుతాడు, అర్థం అడిగితే నోరు తెరవడు. ముగ్గురి ఇబ్బందీ వేరు. ముగ్గురికీ మందు మాత్రం ఒకటే, పదిసార్లు రాయించడం! నాలుగోవాడు 'చదువు'ని 'సదువు' అంటాడు. వాడికి చదవడం వచ్చినట్టే. అది మన ఇంటి పలుకు. దాన్ని తప్పని లెక్కేసి వెనక కూర్చోబెడితే అది చదువు కాదు, కులం.

ఈ తేడాలు కనిపెట్టడానికి పంతులుకి తర్ఫీదు కావాలి. ప్రైమరీ పంతులుకి రెండేళ్ల డి.ఇ.ఎల్.ఇడి. ఉండాలి, బి.ఇడి. చాలదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే. కానీ ఆ రెండేళ్లలో అన్ని సబ్జెక్టులూ నేర్చుకోవాలి. అమెరికాలో చాలాచోట్ల కొన్నేళ్లు పాఠం చెప్పిన టీచరు పై డిగ్రీ చదివి, చదవడం నేర్పడానికే ప్రత్యేక లైసెన్సు తీసుకుంటాడు. మన బళ్లలో ఆ పోస్టే లేదు. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకీ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్' పెట్టింది. గడువు పెట్టారు గానీ ఆ పనికే తర్ఫీదైన మనిషిని పెట్టలేదు!

అందుకే మనం అడిగేవి మూడు. పనిచేస్తున్న టీచర్లకు జీతంతో ఏడాది తర్ఫీదు ఇవ్వాలి, డిగ్రీ ఇవ్వాలి. వాళ్లకు బళ్లలో పోస్టు ఉండాలి. ఆ సీట్లలో మన పేటల నుంచి వచ్చిన టీచర్లకు వాటా ఉండాలి, మన పలుకు తెలిసినవాళ్లు వాళ్లే గనక.

1848లో పూనాలో బడి పెట్టిన సావిత్రిబాయి కూడా తర్ఫీదు పొందే పంతులమ్మ అయింది. ఆ దారి మనదే.

ఈ రాత్రి మీ పిల్లలచేత ఒక పేజీ చదివించండి. ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకోండి. మీకు చదువు రాకపోతే మన కార్యకర్తను పిలవండి. బడి కమిటీ మీటింగులో ఆ మాటే అడగండి. ఒక్కరే కాదు, పేటంతా కలిసి వెళ్లండి.

జై భీమ్!