దారుశిల్ప గ్రంథ ప్రకటనము

(విశాఖపట్టణమున జరిగిన వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



నేను పండితుఁడను గాను. వడ్రంగి యింటఁ బుట్టి, బాడిశ విడిచి, ఈ పట్టణమున చిన్న పుస్తక ప్రకటనశాల నడుపుకొనుచున్నవాఁడను. కొయ్యపనికి సంబంధించిన పుస్తకములు తప్ప వేఱొండు ప్రకటింపను. ఈ వ్యాపారమునందు నాకుఁ గలిగిన యొక తలవంపును మీ యెదుటఁ జెప్పుకొని, తుదకొక కోరిక విన్నవించెదను.

మను మయ త్వష్ట శిల్పి విశ్వజ్ఞులలో దారుకర్మ మయునిది. ఆయన పేరఁ బరఁగు మయమతమును గణపతిశాస్త్రిగారు పరిష్కరింపఁగా, తిరువనంతపుర సంస్కృత గ్రంథమాలలో 1919లో నది వెలువడినది. వృక్షములను ఎన్నుకొనుట, కొయ్యలను అతుకుట అందుఁ గలవు. కాని సూత్రము వేఱు, చేతిపని వేఱు. చిత్రిక పట్టునపుడు నార యెదురు తిరిగిన నేమి చేయవలయునో, ఉలికి పదునెట్లు పెట్టవలయునో తాత మనుమని చేయి పట్టి నేర్పినదే కాని శ్లోకములలో నిమిడినది కాదు.

ఆ నేర్పు ఈ యూర నెంతటిదో చూడుఁడు. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు టేకు, ఇరుగుడు, నల్లచేవలతో కుర్చీలు, పెట్టెలు, బీరువాలు చేసి, దంతము పొదిగి, దంతముపై గీఱిన చిత్రములలో లక్క నింపిరి. కుంపిణీ దొరలు వానిని సీమకుఁ గొనిపోయిరి. నేఁడు అట్టివి లండను నగరమున విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నున్నవి. ఇండియా, సింహళములలోని యిట్టి గృహోపకరణములను గూర్చి ఆ మ్యూజియమువారే 2001లో ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. చేసినవారు మనవారు, వ్రాసినవారు వారు! వారిని నిందింపను, వ్రాయని మనలనే నిందించుకొనుచున్నాను. దంతపు వర్తకము నేఁడు శాసనవిరుద్ధము, అది న్యాయమే. కాని కొయ్యలోఁ గొయ్య పొదుగు విద్యకు ఏ శాసనమును అడ్డులేదు.

1933లో ఓడరేవు తెఱవఁబడెను. 1941లో సింధియావారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమాయెను. మన పిల్లలు జీతములకుఁ బోయిరి. అది తప్పు కాదు. ఆ జీతములే మనలను చదివించినవి. కాని తండ్రి ప్రక్కఁ గూర్చుండి పని నేర్చు కుమారుఁడు కఱవైనపుడు, ఆ విద్యను మోయవలసినది పుస్తకమే గదా!

ఫ్రాన్సు దేశమున రూబో యను వడ్రంగి 1769 మొదలు 1775 వఱకు కొయ్యపనిని గూర్చి బృహద్గ్రంథము ప్రకటించెను. పటములలోఁ బెక్కింటిని తానే గీసెను. 2007లో అమెరికాలో ఇరువురు మిత్రులు లాస్ట్ ఆర్ట్ ప్రెస్ అను చిన్న ప్రకటనశాల స్థాపించి, 2013లో ఆ గ్రంథమునందలి పొదుగుపని భాగమును ఇంగ్లీషున వెలువరించిరి. రెండు వందల యేండ్లు దాఁటినను వడ్రంగి వ్రాసినది వడ్రంగికిఁ బనికివచ్చెను.

ఇఁక నా తలవంపు. నా మొదటి పుస్తకమున ద్వారబంధపు పటము నొక వృద్ధ మేస్త్రిగారు అడుగునకు అంగుళము చొప్పున గీసి యిచ్చిరి. పుటలో నిముడుటకై దానిని చిన్నది చేయించితిని. క్రింది వ్రాఁతను మాత్రము మార్చనైతిని. ఒక పల్లెటూరి కుఱ్ఱఁడు నా పుస్తకమును నమ్మి, పటముపైఁ గొలిచి, టేకు కోసెను. ద్వారబంధము గోడకుఁ జాలలేదు. అతఁడు కోపపడలేదు, "అయ్యా! అచ్చులో నున్నది గదా యని కోసితిని" అనెను. ఆ మాట నాకు నేఁటికిని ములుకువలె గ్రుచ్చుకొనుచునే యున్నది. కొయ్య వెల యిచ్చుకొని, మిగిలిన ప్రతుల నన్నిటిని దిద్దితిని. తప్పు అచ్చుకూటమువారిది కాదు, నాది.

నాఁటనుండి రెండు నియమములు పెట్టుకొంటిని. పటము లోపలనే కొలబద్ద గీయించుచున్నాను. పటము తగ్గిన అదియుఁ దగ్గును. ఇఁక రెండవది: ఆ వస్తువును మునుపెన్నఁడు చేయని కుఱ్ఱవానికి ప్రూఫు కాగితములు మాత్రమే యిచ్చి చేయించెదను. అతఁడు ఎక్కడ ఆగిన అక్కడ నా వ్రాఁత చాలలేదని తెలిసికొని తిరిగి వ్రాసెదను. ఇందులకు కొయ్య వ్యయము, కూలి వ్యయము, కాలహరణము. కావుననే పుస్తకము ఆలస్యమగును, వెల హెచ్చును. అయిదు వందల ప్రతులు అమ్ముడుపోవుటకు ఏండ్లు పట్టును.

ఆక్స్‌ఫర్డులో మాక్సుమూల్లరుగారి ఋగ్వేద ద్వితీయ ముద్రణమునకు మన పొరుగున నున్న విజయనగర ప్రభువులు ఆనందగజపతి మహారాజులవారు ద్రవ్యమిచ్చిరి. నేను అంతటి దాతృత్వము అడుగుటలేదు. దానమే అడుగను. ప్రతి గ్రామసంఘమును ఒక్కొక్క ప్రతికి ముందుగాఁ జందా పంపుఁడు. ఆ ప్రతిని పని నేర్చుకొను పిల్లవానికిఁ జేర్పుఁడు. మీ యూర డెబ్బది దాఁటిన మేస్త్రి యున్న నాకుఁ దెలుపుఁడు. నేను వచ్చి ఆయన చెంతఁ గూర్చుండి వ్రాసికొనెదను. ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి లక్క పూయువారు, బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసమాను దొలిచి వీణ చేయువారు మనకు దూరమున లేరు.

చందా ఈ యేఁడు కాకున్న మఱుసటి యేఁడైనఁ జేరవచ్చును. మేస్త్రిగారి మాట అట్లు నిలిచియుండదు. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొనవలయునని ప్రార్థించుచు విరమించుచున్నాను.