భద్రతపై ప్రశ్న: ప్రజాప్రతినిధి బాధ్యత

(రాజ్యాంగ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారం. శాసనసభ సమావేశాలు మొదలైతే మిగిలిన ఫైళ్లన్నీ పక్కకు జరిగేవి. సభ్యుడు అడిగిన ప్రశ్నకు (అ), (ఆ), (ఇ) భాగాలుగా జవాబు ముసాయిదా సిద్ధం కావాలి. ‘అవునండి’, ‘లేదండి’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’, ‘సమాచారం సేకరించబడుచున్నది’ అనే నాలుగు మాటలతోనే ఎన్నో జవాబులు ముగిసేవి. అయినా ఆ జవాబు మంత్రి పేరు మీద సభా రికార్డులోకి ఎక్కుతుంది. అది తప్పని తేలితే మంత్రే సభకు సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే ఏళ్ల తరబడి అర్జీలకు కదలని ఫైలు ఒక్క ప్రశ్నకు కదలడం మేము చూశాం.

అటువంటి ప్రశ్నను దేశభద్రత అనే మాట అడ్డం పెట్టి ఆపవచ్చునా? ఈనాటి మన చర్చ ఇదే.

రాజ్యాంగంలోని 75(3) అధికరణ ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. అందులో రక్షణశాఖకు గాని, హోంశాఖకు గాని మినహాయింపు లేదు. సైన్యం కదలికలు, సమాచారం అందించేవారి పేర్లు గోప్యంగా ఉండవలసిందే. వాటిని బయటపెట్టమని బాధ్యతగల సభ్యుడెవరూ కోరడు. ముందస్తు హెచ్చరిక వచ్చిందా, వస్తే ఎవరు పట్టించుకోలేదు, ఎందరిని అరెస్టు చేశారు, ఎందరిపై నేరం రుజువైంది అన్నవి మాత్రం రహస్యాలు కావు. అవి పాలన లెక్కలు.

1962 నవంబరులో చైనాతో యుద్ధం ఇంకా ముగియకముందే మన పార్లమెంటు సమావేశమైంది. సభను ముందుగా పిలవాలని కోరినవారిలో రాజ్యసభలో యువ సభ్యుడైన వాజపేయి ఉన్నారు. ఆ సమావేశాలలో ప్రశ్నోత్తరాల సమయం రద్దయినా లోక్‌సభలో చర్చ రోజుల తరబడి సాగింది. రహస్యంగా సమావేశమవుదామన్న సూచనను నెహ్రూ అంగీకరించలేదు. 160 మందికి పైగా సభ్యులు మాట్లాడారు. స్వపక్షం వారి విమర్శల నడుమనే కృష్ణమీనన్ మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది. శత్రువు సరిహద్దు దాటిన వేళ సర్కారును నిలదీసిన ఆ సభ్యులను దేశం ద్రోహులుగా చూడలేదు.

ఇక 2023 డిసెంబరు 13 సంగతి. 2001లో పార్లమెంటుపై దాడి జరిగిన తేదీనే ఇద్దరు వ్యక్తులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పొగ వదిలారు. దీనిపై హోంమంత్రి సభలో ప్రకటన చేయాలని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి. సభాప్రాంగణ భద్రత లోక్‌సభ సచివాలయం పరిధిలోనిదని ప్రభుత్వం బదులిచ్చింది. నిరసనలు పెరిగాయి. ఆ సమావేశాలలో ఉభయ సభలకు చెందిన 146 మంది సభ్యులు సస్పెండయ్యారు. వారు ముందుగా ఇచ్చిన ప్రశ్నలు సైతం జాబితా నుంచి తొలగిపోయాయి. వారి కుర్చీలు ఖాళీగా ఉన్న రోజులలోనే, ఉగ్రవాద నేరానికి 113వ సెక్షన్‌లో కొత్తగా చోటిచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆమోదం పొందింది. సభలో రభస తగదనేవారి మాటను మేము కాదనం. కానీ హోంమంత్రి లేచి పది నిమిషాలు వివరణ ఇచ్చి ఉంటే అంత రభసకు తావుండేదా?

అడిగితే ఏం దొరుకుతుందో కూడా చూద్దాం. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఒక లిఖితపూర్వక జవాబు వచ్చింది. ఇచ్చినవారు అప్పటి హోంశాఖ సహాయమంత్రి, సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి గారు. 2016 నుంచి 2019 వరకు ఉపా చట్టం కింద అరెస్టయినవారు 5,922 మంది కాగా, శిక్ష పడినవారు 132 మంది. ఒక ఏడాది కేసు మరో ఏడాది తేలుతుంది గనుక ఈ రెండంకెలను భాగించి శాతం తీయడం సరికాదు. అయినా ఎంతమంది ఏళ్లపాటు తీర్పు కోసం ఎదురుచూస్తూ ఉండాలో ఊహించడానికి ఈ అంకెలు చాలు. మతం, కులం వారీగా లెక్కలు ఉంచడం లేదని కూడా అదే జవాబులో చెప్పారు. ఒక్క ప్రశ్న లేకపోతే ఈ రెండు నిజాలూ మనకు అధికారికంగా తెలిసేవి కావు.

ఈ లెక్కల వెనుక మనుషులున్నారు. 2007 మే 18న, శుక్రవారం నాడు మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులో తొమ్మిదిమంది, తర్వాత పోలీసు కాల్పులలో ఐదుగురు మరణించారు. ఆపైన పాతబస్తీ యువకులను పట్టుకుపోయారు. వారిలో పలువురు కోర్టులలో నిర్దోషులుగా తేలారు. ప్రభుత్వం పరిహారం ఇస్తే, దానిని 2013లో హైకోర్టు కొట్టివేసింది. తదుపరి దర్యాప్తులో నిందితులైన మరికొందరిని 2018 ఏప్రిల్ 16న ఎన్.ఐ.ఎ. ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. మరి మసీదులో బాంబు పెట్టిందెవరు? ఈ ప్రశ్న అడగడం ముస్లిముల పక్షపాతమా? నేరస్థుడు దొరకకపోతే భద్రత లోపించినట్లే. నిరపరాధి జైలులో ఉన్నంతకాలం అసలు నేరస్థుడు బయటే ఉంటాడు. భద్రత, న్యాయం ఒకే తక్కెడలోని రెండు సిబ్బెలు.

న్యాయస్థానం సైతం ఈ మాటే చెప్పింది. భద్రతా అనుమతి లేదన్న కారణంతో మలయాళ చానెల్ మీడియావన్ ప్రసారాలను అడ్డుకోగా, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసింది. ఆధారం చూపకుండా దేశభద్రత పేరు చెప్పి పౌరుల హక్కులను కాదనరాదని స్పష్టం చేసింది.

ఇప్పుడు మన వంతు. ఎన్నికలప్పుడు మన ఇంటికి వచ్చే ప్రతినిధి చేతిలో మనం సాధారణంగా పెట్టేది వినతిపత్రం. దానికి బదులు సిద్ధమైన ప్రశ్న పెడదాం. పోలీసు శాఖ రాష్ట్రానిది గనుక స్థానిక అరెస్టుల సంగతి ఎమ్మెల్యేకు, ఎన్.ఐ.ఎ., ఉపా చట్టాల సంగతి ఎంపీకి ఇవ్వాలి. ఆవేదన ఎంత ఉన్నా ప్రశ్న పొట్టిగా ఉండాలి. ఏ జిల్లా, ఏ సంవత్సరం, ఏ సెక్షన్. అరెస్టులెన్ని, అభియోగపత్రాలెన్ని, విడుదలలెన్ని, పరిహారమెంత అన్నట్లుగా. లోక్‌సభ ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి గనుక సమావేశాల ప్రకటన రాగానే కదలాలి. ముస్లిం సభ్యుడి దగ్గరకే వెళ్లనవసరం లేదు. ఎవరి నియోజకవర్గంలో ఓటుందో ఆయనే మన ప్రతినిధి. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ భద్రతా సంస్థలను మినహాయించినా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు. ఆ దారినీ వాడుకుందాం.

ఇది నిష్ఫలమని అనుకోవద్దు. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షులు జస్టిస్ రంగనాథ్ మిశ్రా టాడా చట్టాన్ని పొడిగించవద్దని ఎంపీలకు లేఖ రాశారు. సభలో, బయట ఒత్తిడి పెరిగింది. ఆ మే నెలలో టాడా గడువు ముగిసిపోయింది.

ఈ దేశం క్షేమంగా ఉండాలని కోరేవారిలో మనమూ ఉన్నాం. బాంబు పేలితే చచ్చేది మనం, అనుమానం వస్తే జైలుకు పోయేదీ మనమే. కనుక భద్రత గురించి అడిగే హక్కు అందరితో సమానంగా మనకూ ఉంది. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఎవరూ జవాబు రాయలేనంత నిర్దిష్టంగా ఆ ప్రశ్న రాసి పంపుదాం.

సెలవు. జైహింద్.