పొలముగట్టు ట్రాన్స్‌ఫార్మరు

సంగారెడ్డి నుండి నాందేడు పోవు రహదారిపై, కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులో, పెద్ద కొడప్‌గల్ కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అది మండల కేంద్రమైనది. నిజాంసాగరము దూరము కాదు గాని, ఆ సాగరపు కాలువ బాన్సువాడ, బోధన్ వైపు పారును. కాలువ అందని చేలకు బోరే గతి. బోరునకు మోటారు, మోటారునకు పొలముగట్టున రెండు స్తంభముల నడుమ కూర్చున్న ఆ బూడిదరంగు పెట్టె. పుస్తకములలో దానిని పరివర్తకమందురు. ఊరివారు ట్రాన్స్‌ఫార్మరందురు. మేమును అట్లే అందుము.

గడచిన యాసంగిలో మేమా ప్రాంతమునకు పోయినప్పుడు, ఒక పెద్దాయన ఆ పెట్టెను చూపి చెప్పిన మాట మా చెవిలో నేటికిని ఉన్నది. “ఎద్దు బరువైతే నిలవడ్తది సార్. ఇది నిలవడదు. ఎంత ఏస్తే అంత మోస్తది. మోసీ మోసీ ఒక్కపారి సస్తది.” అంతకు ముందటి యేడు వరి పొట్టమీద నున్నప్పుడే అది కాలిపోయినదట. క్రొత్తది వచ్చులోపల రెండెకరములు తాలు పోయినవట.

కదలని, మెదలని ఈ పెట్టె ఎట్లు పనిచేయును? ఎట్లు చచ్చును?

1831 ఆగస్టు 29న లండనులో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియమునకు రెండు వైపుల రెండు తీగచుట్లు చుట్టెను. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించిన క్షణమున రెండవ చుట్టకు కలిపిన సూచి కదలెను, మరల నిశ్చలమాయెను. బ్యాటరీ తీసిన క్షణమున ఎదురుదిక్కునకు కదలెను. రెండు తీగలకు నడుమ ఏ సంబంధమును లేదు. మారుచున్న అయస్కాంతబలమే వంతెన. మన ఇండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవృత్తులు చేయును గనుక, ఆ మార్పు క్షణమైనను ఆగదు. అందుచేతనే ట్రాన్స్‌ఫార్మరు ఈ కరెంటుకే పనికివచ్చును. బ్యాటరీ కరెంటుకు పనికిరాదు. నేటి రూపమునకు మూలమైన యంత్రమును 1885లో బుడాపెస్టు నగరమందలి గాంజ్ కర్మాగారపు ముగ్గురు ఇంజనీర్లు నిర్మించిరి.

చుట్ల సంఖ్యలో నున్నది కిటుకంతయు. పొలముగట్టు పెట్టెలో పైతీగ వైపు 44 చుట్లుండిన, మోటారు వైపు ఒక్కటి ఉండును. 11,000 వోల్టులు లోనికి పోయి 433 వోల్టులై వెలికి వచ్చును. వోల్టులు తగ్గిన మేరకు ప్రవాహము పెరుగును. 25 కె.వి.ఏ. పెట్టెకు నిండుబరువు పెట్టినప్పుడు పైతీగలో 1.3 ఆంపియర్లు, క్రింది తీగలో 33 ఆంపియర్లు నడచును. తీగలో వేడిగా పోవు నష్టము ప్రవాహపు వర్గమును బట్టి ఉండును గనుక, అదే తీగపై అంతే శక్తిని 433 వోల్టులలో తెచ్చిన నష్టము 600 రెట్లు దాటును. కనుకనే విద్యుత్తు దూరదేశమునుండి ఎత్తుగా వచ్చి, పల్లె దగ్గరకు మెట్లు దిగును. నిజామాబాదు దగ్గరి పెద్ద సబ్‌స్టేషనులో 765 కిలోవోల్టులు. అటుపిమ్మట 400, 220, 132, 33, 11. కడపటి మెట్టు మన గట్టుమీద.

ఇక చావు సంగతి. లోపలి తీగలకు కాగితము చుట్టి, నూనెలో ముంచియుంతురు. నూనె వేడిని పెట్టె గోడలకు మోయును, గోడలు గాలికిచ్చును. ఒక పరిమితి దాటిన పిమ్మట, వేడి 6 నుండి 8 డిగ్రీలు పెరిగిన కొలది ఆ కాగితపు ఆయుస్సు సగమగును. పెద్దాయన చెప్పినది అక్షరాల నిజము. పెట్టె మొరాయించదు, లోలోపల కాగితము మాడును.

లెక్క చూతము. 5 హార్సుపవరు మోటారు ఒకటి ఇంచుమించు 5.8 కె.వి.ఏ. లాగును. నాలుగు మోటార్లకు 23. పెట్టెకు సరిపోయినది. అయిదవది తగిలించిన 29 అగును. బరువు పెరిగినది నాలుగవ వంతే గదా యందురేమో. తీగలలో పుట్టు వేడి మాత్రము ఒకటిన్నర రెట్లు దాటును. ఆరవది చేరిన రెండుంబావు రెట్లు!

ఆ అయిదవ మోటారువానిని మేము దొంగ యనము. అతని పాతబోరు ఎండినది, అప్పుచేసి క్రొత్తది వేసినాడు, నీరు పడినది. గట్టు ప్రక్క గట్టువాడు. అతనిని వద్దని ఎవరనగలరు? దరఖాస్తు పెట్టి పెద్ద పెట్టె వేయించుకొనుటే సరియైన త్రోవ. అది వచ్చులోపల చేయదగినది ఒకటి కలదు.

మోటారు లాగు కరెంటులో కొంతభాగము నీరు తోడదు. మోటారులోని అయస్కాంతమును నిలుపుటకై అటునిటు తిరుగుచుండును. స్టార్టరు దగ్గర 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు బిగించిన, ఆ తిరుగుడులో సగమునకు పైగా అక్కడనే తీరిపోవును. అప్పుడు మోటారు ట్రాన్స్‌ఫార్మరుపై మోపు బరువు 4.9 కె.వి.ఏ.కు దిగును. అయిదు మోటార్లకు 24.5. అదే పెట్టెలో అయిదును ఇమిడినవి!

ఆటోమేటిక్ స్టార్టర్ల మాట. రాత్రి విడతలుగా కరెంటు వచ్చిన దినములలో, చీకటిలో పాములకు వెరచి రైతులవి పెట్టుకొనిరి; తప్పుపట్టలేము. అయితే పోయిన కరెంటు తిరిగి వచ్చినతోడనే అన్ని మోటార్లును ఒక్కమారు లేచును. లేచునప్పుడు ఒక్కొక్కటి మామూలుకు అయిదారు రెట్లు లాగును. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించినప్పుడు వానిని తీసివేయుమని కోరుటకు ఇదియు నొక హేతువు.

నల్లరేగడి గురించి ఒక్క ముక్క. ఎండకాలమున ఆ నేల నెఱ్ఱెలు విచ్చి, భూమిలో దించిన ఎర్తు కడ్డీని విడుచును. గుంతలో నీరు పోయుచుండవలెను. ఫ్యూజు పోయిన చోట లావుపాటి అల్యూమినియము తీగ కట్టుట మాత్రము వలదు. ఆ తీగ కరగదు, పెట్టె కాలును. పైకెక్కి చేయి పెట్టుట ప్రాణములతో బేరము. రాత్రియైనను సరే, లైన్‌మను వచ్చువరకు ఆగవలయును. ఒకవేళ కాలినచో, పల్లెలలో 48 గంటలలో మార్చవలెనని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణము. ఫిర్యాదు నమోదు చేయించి, ఆ సంఖ్యను, వేళను వ్రాసి పెట్టుకొనుడు. రైతులే చందాలు వేసికొని ట్రాక్టరుమీద మోసికొనిపోవు ఆచారము పలుచోట్ల కలదు. పంట ఆగదు గనుక వారట్లు చేయుదురు గాని, అది వారి పని కాదు.

పెద్దాయన గట్టుమీద ఈ లెక్కనంతయు స్టార్టరు డబ్బా మూతపై సుద్దతో వేసిచూచితిమి. ఆ పెట్టెక్రింద అయిదు మోటార్లున్నవి. మూడింటికి కెపాసిటర్లున్నవి, రెండింటికి లేవు. మొత్తము 26 కె.వి.ఏ. తేలినది. “ఇంక ఒకటి ఎక్కువుంది సార్,” అని ఆయన మూత మూసెను. మిగిలిన రెంటిని వచ్చే అంగడినాడు బాన్సువాడ నుండి తెత్తుమనిరి.