వార్తావిద్య: దాని వ్యయము, దాని ఫలము
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



వ్యవసాయ వాణిజ్య విద్యనుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. ముప్పదియేండ్లకుపైగా శబ్దమంజరియు రఘువంశమును చెప్పుకొన్న పంతులునకు ఎరువుల సంగతి యేమి తెలియునని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున విద్యలను నాలుగుగా విభజించి, అందొకదానికి 'వార్త' యని పేరిడెను. కృషి, పశుపాలనము, వాణిజ్యము, ఈ మూడును గలసినదే వార్త. నేడు వార్తయనగా పత్రికలో వచ్చునది మాత్రమే. పదముతోడనే ఆ విద్యయందలి యాదరమును మాఱినది కాబోలు.

మన దేశమున దీనికి పీఠములు లేకపోలేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో నెలకొనినది. పదవ తరగతి పిమ్మట రెండేండ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమాయు, ఇంటరు పిమ్మట నాలుగేండ్ల బి.యస్సీ. పట్టమును గలవు. డిప్లొమా ముగించినవారు అగ్రిసెట్ పరీక్ష వ్రాసి పట్టమునకును పోవచ్చును. నేను విచారింపదలచినది ముఖ్యముగా ఆ రెండేండ్ల చదువునుగూర్చియే.

గడచిన వైశాఖమున ఒక రైతు, పదవ తరగతి నెగ్గిన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చి, "పంతులుగారూ, వీణ్ణి ఆ వ్యవసాయం చదువులో వేయమంటారా? పెట్టింది తిరిగి వస్తుందా?" అని యడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కారణము దాచను. పదునాలుగేండ్ల క్రిందట మఱియొక తండ్రి ఇట్లే యడుగగా, నేను క్షణమైన నాలోచింపక "చదివింపు" మంటిని. అతడు ఎకరము పొలమమ్మి కుమారుని ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో చేర్చెను. పట్టము వచ్చినది, తగిన కొలువు రాలేదు, పొలము మరల రాలేదు. అతడు నేటికిని ఎదురైనప్పుడెల్ల నాకు నమస్కరించును. ఆ నమస్కారమే నాకు భారముగా నున్నది.

కావున ఈమాఱు కాగితముపై లెక్క వేసితిని. ఇవి ఊహించుకొన్న మొత్తములే; ఎవరి యంకెలను వారు వేసికొనవలయును. రుసుము, భోజనము, పుస్తకములు కలిసి రెండేండ్లకు లక్ష రూపాయలనుకొందము. పిల్లవాడు ఇంటనుండినచో తండ్రికి పొలమున చేయు సాయము ఏటికి ఏబదివేలు విలువచేయు ననుకొందము. ఈ రెండవ పద్దును మనవారెవరును వ్రాయరు. మొత్తము రెండు లక్షలు. చదివినందువలన నెలకు 5,000 అధికముగా వచ్చినచో 40 నెలలకు పెట్టుబడి తీఱును. రెండేండ్లు కొలువు దొరకక తిరిగినచో ఆ కాలమునంతయు దీనికి చేర్చుకొనవలయును. అదే ప్రైవేటున నాలుగేండ్ల పట్టమునకు పది లక్షలు పెట్టి, నెలకు 10,000 అధికముగా వచ్చినను, వడ్డీ విడిచియే ఎనిమిదేండ్ల నాలుగు నెలలు పట్టును. భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు గలదో లేదో విచారింపక అట్టిదానిలో చేర్చుట నీరులేని బావికి మోటగట్టుటయే.

కొలువుల మాట. 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయము లేర్పడినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకులుగా డిప్లొమా చదివినవారికిని అవకాశము గలిగెను. ఒక యేటి పంటను జూచి ప్రతియేడు నట్లే పండునని ఏ రైతును అప్పు చేయడు గదా.

అంగడి మాట వేఱు. ఎరువులు, పురుగుమందులు అమ్ముటకు లైసెన్సు పొందుటలో ఈ విద్యార్హత యక్కఱకు వచ్చును. (ఇదివఱకే దుకాణము గలవారు డిప్లొమాకై కూర్చుండ నక్కఱలేదు, హైదరాబాదునందలి మేనేజ్ సంస్థవారు 2003 నుండి వారికొఱకు వారమున కొకదినము జరుగు చదువును నడపుచున్నారు.) అయితే అంగడి పెట్టుట సులభము, నిలుపుట కష్టము. రైతు విత్తునాడు ఖాతా వ్రాయించుకొని కోతనాడు చెల్లించును. కంపెనీవాడు అంతవఱకు ఆగడు. ఆ నాలుగైదు నెలలు నిలువగల సొమ్ములేకయే చదువుకొన్న పిల్లల దుకాణములు మూతపడుచున్నవి; పాతవ్యాపారి చదువులేకయే నిలుచుచున్నాడు. 2002లో మొదలైన కేంద్రప్రభుత్వపు అగ్రిక్లినిక్ పథకమున 45 దినముల యుచిత శిక్షణమును, బ్యాంకు ఋణముపై సబ్సిడీయు గలవు. కాని బ్యాంకువారి గడప దాటుటకే కొందఱికి చెప్పులరుగుచున్నవి.

ఇచ్చట పోషక మహాశయులకొక విన్నపము. మన వసతిగృహమునకు పై అంతస్తు కట్టవలయునని ప్రతిపాదన యున్నది. దాతల పేర్లు చలువరాతిపై చెక్కింతురు. నాకును అట్టి పలకను జూచిన సంతోషమే. అయినను, ఆ ధనమున సగము మూలనిధిగా నుంచి, చదువు ముగించి అంగడియో, నారుమడియో, కోళ్లషెడ్డో పెట్టుకొను మన పిల్లలకు, కులములోని బీదసాదలకు ముందుగా, పంటకు పంటకు నడుమ తిరిగి చెల్లించు వడ్డీలేని అప్పుగా నిండని కోరుచున్నాను. జామీను ఇద్దఱు రైతులు వ్రాసిన చాలును. ఎగవేతలుండవని నేను చెప్పజాలను, కొన్ని యుండును.

ఆ రైతును, కుమారుడును నేడీ పందిటిలోనే వెనుక వరుసలో కూర్చుండియున్నారు. చదివింపుమని సగము బదులు చెప్పగలను. ఆ పిమ్మట ఎవరు నిలబెట్టుదురన్న సగము కార్యవర్గమువారి చేతిలోనున్నది. సాయంకాలపు సమావేశమున ఈ సంగతి తేల్చినచో, రేపుదయపు బస్సునకు వారు బయలుదేరకమున్నే చెప్పివేయుదును.