బాతుమూతి రాక్షసబల్లి



పూర్వకాలపు జంతువుల యెముకలు మట్టిలో కప్పబడి, వానిలో ఖనిజములు చేరి, కాలక్రమమున రాయివలె మారును. వానినే శిలాజములందురు. అట్టివి దొరకుట యదృష్టము. దొరికినవానిని నిలుపుకొనుట వివేకము. ఈ భేదమును తెలుపు వృత్తాంతమొకటి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జరిగెను.

హాడన్‌ఫీల్డు అను నూరిలో జాన్ హాప్కిన్స్ అనువాని పొలమున 1838 ప్రాంతమున ఎరువుమట్టికై త్రవ్వుచుండగా పెద్దపెద్ద యెముకలు బయల్పడెను. చూడవచ్చినవారు వేడుకకై తలయొకటి పట్టుకొనిపోయిరి. అవి యెవరి యింట చేరెనో, పిదప నేమయ్యెనో తెలియలేదు.

ఇరువదియేండ్లు గడచెను. 1858లో విలియం ఫౌల్క్ అను న్యాయవాది యీ సంగతి విని, పూడిపోయిన గుంటను మరల త్రవ్వించెను. కాళ్ల యెముకలు, వెన్నుపూసలు, దంతములు లభించెను. అవి ఫిలడెల్ఫియాలోని ప్రకృతి విజ్ఞాన అకాడమీకి చేరెను. అచ్చట జోసెఫ్ లైడీ అను శరీరశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, ఆ జంతువునకు హాడ్రోసారస్ ఫౌల్కీ అని నామకరణము చేసెను. దంతములనుబట్టి యది శాకాహారియనియు, వెనుకకాళ్లు ముందుకాళ్లకంటె మిక్కిలి పొడవగుటచే రెండుకాళ్లపై నిలువగలదనియు నిర్ణయించెను. అది సుమారు 8 కోట్ల సంవత్సరముల నాటిది. 1868లో ఆ యస్థిపంజరమును నిలబెట్టి ప్రజలకు చూపిరి. లోకమున నట్లు నిలుపబడిన రాక్షసబల్లులలో నదియే మొదటిది.

అయితే దాని పుఱ్ఱె దొరకలేదు. హాకిన్స్ అను శిల్పి ఊహించి యొక తలను చేసి యమర్చెను. తరువాత నితరస్థలములందు దాని బంధుజాతుల పుఱ్ఱెలు బయల్పడగా, ఆ మూతి బాతుముక్కువలె వెడల్పైనదని తెలిసెను. దవడలలో వందలకొలది దంతములు వరుసలుగా నుండి, అరిగినవాని స్థానమున క్రొత్తవి వచ్చుచుండెడివి. 1908లో స్టెర్న్‌బెర్గ్ కుటుంబమువారు వ్యోమింగ్ రాష్ట్రమున చర్మపు గుర్తులతో సహా యొక బాతుమూతి బల్లిని వెలికితీసిరి. నిటారుగా నిలిచి తోకను నేలపై నీడ్చెడిదన్న తొలినాటి యభిప్రాయమును సైతము పండితులు విడిచిరి. దేహమును వంచి, తోకను నేలకు తగులనీయక నడచెడిదని నేటి నిర్ణయము.

ఎముకలు ఒక్కచోట భద్రముగా నుండుటచేతనే పెద్దల పొరపాట్లను పిన్నలు దిద్దగలిగిరి. వేడుకకై పంచుకొన్నవి ఎవరికిని విద్య నీయలేదు.

మన గోదావరి లోయలోను వేఱు జాతుల రాక్షసబల్లుల యెముకలు లభించినవి. కావున బావి త్రవ్వునప్పుడు వింత యెముక కనబడినచో పగులగొట్టక, పంచుకొనక, తెలిసినవారికి చూపవలెను. గ్రంథమువలెనే శిలాజమును పదిమందికి అందినప్పుడే సార్థకమగును.